తొమ్మిదో గడి

మా నాన్న తన జీవితంలో ఎంతమందిని నడిపించాడో లెక్కలేదు. పరిగెత్తించాడు, దూకించాడు, మెట్లెక్కించాడు, అన్నీ కాగితం మీదే. అలాంటి మనిషి ఆ వానాకాలం కుర్చీలోంచి లేవనని మొండికేసి కూర్చున్నాడు.

ఆయన కార్టూను సినిమాలకి బొమ్మలు గీసేవాడు. అందులోనూ మధ్య బొమ్మలు. పెద్ద ఆర్టిస్టు చెయ్యి కిందున్న బొమ్మ ఒకటి, పైకెత్తిన బొమ్మ ఒకటి గీసి పడేసి టీకి వెళ్ళిపోతాడు. ఆ చెయ్యి కిందనుంచి పైకి చేరడానికి మధ్యలో కావలసిన బొమ్మలన్నీ ఇంకెవరో కూర్చుని గీయాలి. ఆ ఇంకెవరో మా నాన్న. ముప్ఫై నాలుగేళ్ళు అదే పని చేశాడు. స్టూడియోలో అందరూ ఆయన్ని మధ్యబొమ్మల మాస్టారనేవాళ్ళు. "మీ నాన్నకి ఏదీ మొదలుపెట్టడం రాదు, ముగించడం రాదు. మధ్యలో దూరడమొక్కటే వచ్చు" అనేది అమ్మ. అమ్మ బట్టలు కుట్టేది కాబట్టి మనుషుల కొలతలు ఆవిడకి బాగా తెలుసు.

వానలు మొదలయ్యే ముందు నాన్నకి కుడి మోకాలు మార్పించాం. ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికొచ్చిన మూడో రోజు స్నానాలగదిలో స్టూలు మీంచి లేచి, గోడకున్న కడ్డీ వదిలాడు. వదిలీ వదలగానే పడ్డాడు. ఎముక విరగలేదు, కుట్లు తెగలేదు. డాక్టర్లు ఫొటోలు తీసి చూసి, అంతా బాగుంది, నడవండి అన్నారు. కానీ ఆ రోజునుంచి ఆయన చేతులు పట్టుకున్నదాన్ని వదలడం మానేశాయి. లేపాలంటే అమ్మ ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకోవాలి. లేచాక వాకరు. వాకరు దగ్గర్నుంచి మంచం పట్టీ.

పెద్ద డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. ఎనిమిదో వారంలో చూస్తాను, అప్పటికి మోకాలు వంగి కాలికి బలం రాకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాలి, ఆ తర్వాత కూడా సరిగ్గా నడుస్తారని మాటివ్వలేను అన్నాడు. ఆయన ఆ మాట చెప్పేసరికే ఆపరేషనై మూడు వారాలు గడిచిపోయాయి. నాన్న ఆ మాట విని తలూపి, మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

కుర్చీ ముందుగదిలో వేశాం. ముందుగదంటే నా ఆఫీసు కూడా. నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. కిటికీ పక్కన నా బల్ల, అవతలి గోడ దగ్గర అమ్మ కుట్టుమిషను, మధ్యలో నాన్న. చూడ్డానికి ఆయనకి నా స్క్రీనూ, కిటికీలో వానా తప్ప ఏమీ ఉండేవి కావు. రెంటినీ ఒకే మొహంతో చూసేవాడు.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. నవ్వుతూనే చంపుకు తినేది. ఆవిడకి నాన్న పెట్టిన పేరు పదిసార్లమ్మ.

"ఇంకో పదిసార్లు సార్."

"ఇందాక పదే అన్నారుగా డాక్టరమ్మా!"

"అది ఇందాకటి పది సార్. ఇది ఇప్పటి పది."

పడుకోబెట్టి మోకాలు వంచితే నాన్న సణుగుతూనైనా వంచేవాడు. లేచి నిలబడే దగ్గరే పేచీ.

"చేతులు వదలండి సార్."

"వదిలాగా."

"ఎక్కడ వదిలారు? ఆ చూపుడువేలు ఎవరిది, మీది కాదా?"

ఒకరోజు అలా ఓడిపోయి వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ టీ ఇచ్చింది. "ఈయనొక్కరే కాదు ఆంటీ, మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళంతా ఇంతే. నేనున్నంతసేపూ చేస్తారు, నేను గడప దాటగానే మర్చిపోతారు. ఎలా లేవాలో నాలుగు బొమ్మలు అచ్చేసి ఇచ్చామా, ఒకాయన అది చూసి కుర్చీని ఎత్తడం మొదలుపెట్టాడు. వీడియోలు పంపిస్తే వాళ్ళ ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంటుంది, బొమ్మ రాదు."

"నేను చేసిస్తాను" అన్నాను.

"వీడియోనా?"

"వీడియో కాదు. ఎంత పాత ఫోనైనా సరే క్షణంలో రావాలి. బటను నొక్కితే మనిషి ఒక్కో బొమ్మా ముందుకు జరగాలి. ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. ముసలివాళ్ళకి కావలసింది అదే కదా, మధ్యలో ఆగడం?"

ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు వారాలు" అనేశాను. నా నోటికి ఎప్పుడూ అదుపు లేదు. చేతికి పని వచ్చని అంత ధీమా.

ఆవిడ వెళ్ళాక అమ్మ, "ఫోనులో బొమ్మ కదలడమంటే వీడియో కాకపోతే ఇంకేంటే?" అని అడిగింది. ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి, దాని మూతకి అగ్గిపెట్టె అంత కిటికీ కోశాను. ఒక పొడుగు కాగితం మీద అదే కొలతకి పన్నెండు గళ్ళు గీసి, గడికొక పుల్లల మనిషిని గీశాను. మొదటి గడిలో కూర్చున్నవాడు చివరి గడికి నిలబడతాడు. ఆ కాగితాన్ని కిటికీ వెనకపెట్టి అమ్మ చేతికిచ్చాను.

"జరుపు."

మెల్లగా జరిపింది. మనిషి రైల్లో వెళ్ళిపోతున్నట్టు పక్కకి జారిపోయాడు.

"అలా జారనివ్వకూడదు. ఒక్కో గడీ ఠక్కున మారాలి. గెంతించు."

గెంతించింది. కిటికీలో మనిషి లేచి నిలబడ్డాడు. అమ్మ "ఓసినీ!" అని నోరెళ్ళబెట్టి, మళ్ళీ మొదట్నుంచీ గెంతించింది.

"ఇంతేనమ్మా. దీన్నే స్ప్రైట్ షీట్ అంటారు. పన్నెండు బొమ్మలు విడివిడిగా పంపిస్తే ఫోను పన్నెండుసార్లు కొట్టుకెళ్ళి రావాలి. ఇలా అయితే ఒకేసారి సంచి నింపుకొచ్చేస్తుంది. ఆ తర్వాత నెట్టు ఉన్నా లేకపోయినా గళ్ళు మార్చుకోవడమే."

నాన్న కుర్చీలోంచి అంతా చూస్తున్నాడు.

నాలుగు రోజుల్లో ఒక నమూనా సిద్ధం చేశాను. బొమ్మలు గీయడం నాకు రాదు కాబట్టి, నెట్లో దొరికిన మనిషినొకణ్ణి తీసుకుని, కాళ్ళూ చేతులూ అటూ ఇటూ వంచి, పన్నెండు గళ్ళు నింపాను. పన్నెండూ ఒకే వరసలో పెడితే అమ్మ పాత ఫోను అంత పొడుగు బొమ్మని మింగలేక సగం నల్లగా చూపించింది. అందుకని నాలుగేసి గళ్ళు మూడు వరసల్లో సర్దాను. ఒక వరస అయిపోగానే కింది వరసలోకి దిగేలా లెక్క రాశాను. గళ్ళనుడికట్టు అంత ముచ్చటగా వచ్చింది. స్క్రీను మీద తిప్పి చూపించాను.

వెనకనుంచి నవ్వు వినిపించింది. ఆపరేషను తర్వాత నాన్న నవ్వడం అదే మొదటిసారి. నాకు సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియలేదు.

"ఎందుకు నాన్నా నవ్వుతావు?"

"వాడికి బరువు లేదే."

"ఎవరికి?"

"ఆ లేచేవాడికి. బుడగ తేలినట్టు పైకి తేలుతున్నాడు. నడుం కుర్చీని వదిలే టైముకి వాడి తలకాయ ఎక్కడుందో చూడు, వెనకాలే ఉంది. అలా లేచినవాడు వెల్లకిలా పడతాడు. పైగా ఆ వణుకేంటి, చలా?"

దగ్గరికి వెళ్ళి చూశాను. నిజమే. ఒక్కో గడిలో మనిషి ఒకటి రెండు చుక్కలు పక్కకి జరిగి ఉన్నాడు. తిప్పితే కుర్చీతో సహా వణుకుతున్నాడు.

"పెగ్గుల్లేకుండా గీస్తే ఇలాగే తగలడుతుంది" అన్నాడు నాన్న. "అటక మీద నా రేకుపెట్టె దించు."

దించాను. దుమ్ముకి అమ్మ తుమ్ముతూ తిట్టింది. పెట్టెలో మూడు చిన్న పిన్నులు నిలబెట్టిన ఇనప పట్టీ ఉంది. అదే పెగ్‌బార్. కాగితాల అడుగున మూడు చిల్లులు పొడిచి వాటికి తగిలిస్తే, వంద కాగితాలు మార్చినా కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. దాంతోపాటు అడుగునుంచి దీపం వెలిగే అద్దపు బల్ల. కింది కాగితం మీది గీత పైకి కనబడుతుంది, దాన్నిబట్టి తరవాతి బొమ్మ గీయాలి. ఆ బల్లని ఆయన కుర్చీ చేతుల మీద అడ్డంగా నిలబెట్టాను. దీపం వెలగ్గానే ఆయన మొహం పదేళ్ళు తగ్గింది.

మొదట ఒకటో బొమ్మ, పన్నెండో బొమ్మ గీశాడు. గీసి అమ్మని పిలిచాడు. "ఇదిగో, చూడు. మొదలూ నాదే, చివరా నాదే."

"అయితే ఇవాళ పాయసం చెయ్యమంటారా?" అంది అమ్మ మిషను ఆపకుండా. కానీ దారం తెగిందనే వంకతో లేచి వచ్చి రెండు బొమ్మలూ చూసింది.

రెండు రోజుల్లో పన్నెండూ గీసేశాడు. నేను స్కాను చేసి గళ్ళలో పెట్టాను. ఏం లేచాడండీ ఆ మనిషి! దిమ్మ తిరిగిపోయింది నాకు. గంటకొట్టగానే బడిలోంచి లేచిన పిల్లాడిలా లేచాడు. పదిసార్లమ్మ వచ్చాక గర్వంగా చూపించాం.

ఆవిడ రెండుసార్లు తిప్పి చూసింది. "చాలా అందంగా ఉంది సార్. కానీ ఈయన మా పేషెంటు కాదు."

"అంటే?"

"ఈయనకి మోకాలు నొప్పి లేదు. ఈయన్ని చూసి లేస్తే మావాళ్ళు బోర్లా పడతారు. మావాళ్ళు ముందు కుర్చీ అంచుకి జరుగుతారు. పాదాలు వెనక్కి లాక్కుంటారు. ముక్కు కాలివేళ్ళ మీదికొచ్చేదాకా వంగుతారు. చేతులతో నెడతారు. అప్పుడు లేస్తుంది నడుం."

నాన్నకి ముక్కు మీద కోపం. "ముప్ఫై నాలుగేళ్ళు గీశానమ్మా నేను. నాకు లేవడం నేర్పిస్తారా?"

"మీరు గీసినవాళ్ళకి మోకాళ్ళు మార్చలేదుగా సార్."

"మరి ఎవర్ని చూసి గీయమంటారు?"

ఆవిడ ఆయన మోకాలు వంక చూసింది. నేనూ చూశాను. అప్పుడు అమ్మ లేచి, మిషను వెనకనుంచి తన నిలువుటద్దాన్ని దొర్లించుకుంటూ తెచ్చింది. కొత్త బట్టలు వేసుకుని చూసుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం కింద చక్రాలు పెట్టించిన అద్దం. దాన్ని తెచ్చి నాన్న ఎదురుగా నిలబెట్టి వెళ్ళి మళ్ళీ కుట్టుకోసాగింది.

అలా మొదలైంది. కాలి కోసం లేవమంటే లేవని మనిషి బొమ్మ కోసం లేవడం మొదలుపెట్టాడు. కుర్చీ అంచుకి జరగడం, అద్దంలో చూసుకోవడం, వెనక్కి వచ్చి గీయడం. పాదాలు వెనక్కి లాక్కోవడం, గీయడం. ముక్కు వేళ్ళమీదికి తేవడం, గీయడం. నచ్చకపోతే చింపి మళ్ళీ లేచేవాడు. ఒక్కో బొమ్మకి పదిసార్లకి తక్కువ లేవలేదు. పదిసార్లమ్మకి కడుపు నిండిపోయింది. మోకాలు రోజురోజుకీ వంగుతోందని కొలత చూసి చెప్పేది. నాన్న వినేవాడు కాదు. "కాస్త పక్కకి జరగండమ్మా, అద్దం కనబడట్లేదు" అనేవాడు.

ఆరో వారం చివరికి పదకొండు బొమ్మలు తయారయ్యాయి. ఎనిమిదో బొమ్మ దాకా ఆ మనిషి చేతులు కుర్చీ చేతుల మీదే ఉంటాయి. పదో బొమ్మలో ఆ చేతులు తొడల మీదున్నాయి. ఆ పదో బొమ్మనుంచి పైవన్నీ నాన్న, అమ్మా నేనూ రెండువైపులా పట్టుకుంటే నిలబడి, అద్దంలో చూసుకుని గీసినవి. చేతులు కుర్చీని వదిలే తొమ్మిదో బొమ్మ మాత్రం లేదు.

"తొమ్మిది ఎప్పుడిస్తావు నాన్నా?"

"రేపు."

మర్నాడు అడిగినా రేపే. ఐదు రేపులు అయిపోయాయి. నేను చెప్పిన రెండు వారాలు ఎప్పుడో దాటాయి. క్లినిక్‌వాళ్ళు వచ్చే సోమవారం పేజీ తెరుస్తామని అందరికీ చెప్పుకున్నారు. డాక్టరు చూస్తానన్నదీ ఆ సోమవారమే. నాకు ఓపిక నశించింది. మా పనిలో ఒక బొమ్మ రాకపోతే పక్కదాన్ని రెండుసార్లు పెట్టి కానిచ్చేస్తాం, ఎవరూ గమనించరు. ఎనిమిదో బొమ్మనే తీసి తొమ్మిదో గడిలో కూడా పెట్టేశాను.

నాన్న స్క్రీను వంక ఒక్కసారి చూశాడు.

"ఎనిమిదిని రెండుసార్లు పెట్టావా?"

"ఎవరికి తెలుస్తుంది నాన్నా!"

"నా బొమ్మల్లో నాకు చెప్పకుండా చెయ్యి పెడతావా?" గొంతు ఒక్కసారిగా లేచింది. మిషను ఆగిపోయింది. "పట్టుకున్న చేతులు ఉన్నట్టుండి తొడల మీదికొచ్చి పడ్డాయి. మధ్యలో ఏమైంది? అది నీకక్కర్లేదా? మీ అందరికీ ఒకటే మాట, వదిలెయ్, వదిలెయ్, వదిలెయ్. వదలడమంటే ఏంటో మీలో ఒక్కళ్ళైనా గీసి చూపించారా నాకు?"

"అయితే నువ్వు గియ్యి! నువ్వు గీస్తే నేనెందుకు పెడతాను?"

"గీసినప్పుడు గీస్తాను. అందాకా ఖాళీగా ఉంచు. లేనిది లేనట్టే కనబడాలి."

నాకూ ఒళ్ళు మండింది. సరే, అలాగే కానీ అని తొమ్మిదో గడి తుడిచేసి తెల్లగా వదిలేశాను. అమ్మ తన ఫోనులో తెరిచి చూసింది. మనిషి వంగాడు, నెట్టాడు, లేవబోయాడు, మాయమయ్యాడు. మళ్ళీ కనిపించేసరికి నిలబడి ఉన్నాడు.

"ఇదేంటే, మనిషి మధ్యలో మాయమైపోతున్నాడు?" అంది అమ్మ.

నాన్న ఆ ఫోను తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా బటను నొక్కుతూ కూర్చున్నాడు. ఏడు, ఎనిమిది, తెలుపు. వెనక్కి. ఏడు, ఎనిమిది, తెలుపు. నేను పని చేస్తున్నట్టు నటిస్తూ స్క్రీను అద్దంలో ఆయన్నే చూశాను.

"అక్కడే పడ్డాను తల్లీ" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "స్నానాలగదిలో కడ్డీ వదిలాను చూడు, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నేల మీదున్నాను. మధ్యలో ఏముందో నేను చూళ్ళేదు. చూడనిదాన్ని ఎలా గీయను? వదలాలంటే చచ్చేంత భయంగా ఉంది."

మా నాన్న నోట భయమనే మాట నేను అంతకుముందు వినలేదు. కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఆయన మోకాలు మీద చెయ్యి వేశాను. పొద్దున అరిచినందుకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. రెండూ చెప్పాను. "సర్లే, సర్లే. ముందు చెయ్యి తీయ్, నొప్పెడుతోంది" అన్నాడు.

శుక్రవారం పదిసార్లమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. "బాగా వంగుతోంది సార్, అందులో అనుమానం లేదు. కానీ చేతులు వదిలి మీ కాలి మీద మీరు నిలబడకపోతే తొడలో బలం రాదు. బలం రాకపోతే వంగిన మోకాలు కూడా మళ్ళీ బిగుసుకుంటుంది. డాక్టరుగారు సోమవారం ముందు చూసేది అదే." తరవాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఆ తొమ్మిదో గడి తీసేసి పదకొండుతోనే పెట్టెయ్యండి. ఏం చేస్తాం మరి" అంది.

"ఎవరూ దాన్ని ముట్టుకోకండి" అన్నాడు నాన్న. ఆయన చెవులు ఎప్పుడూ బాగానే పనిచేసేవి.

శనివారం పొద్దున వాన తెరిపిచ్చింది. చాలా రోజుల తర్వాత గదిలోకి ఎండ వచ్చింది. నేను బల్ల దగ్గర కూర్చోగానే నాన్న పిలిచాడు.

"అద్దం కాస్త ఇటు తిప్పు. ఆ వాకరు అవతల పెట్టు."

"అవతలంటే ఎక్కడ?"

"నాకు అందనంత దూరం. నువ్విలా వచ్చి నా పక్కన నిలబడు. పట్టుకోవద్దు. లెక్కపెట్టు. ఒక్కో అంకెకీ ఒక్కో బొమ్మ. నెమ్మదిగా, ఒకే వేగంతో, పన్నెండుదాకా."

అమ్మ వంక చూశాను. మెడలో కొలతల టేపుతో మిషను దగ్గరే నిలబడిపోయింది.

"ఏమండీ, సోమవారం దాకా ఆగి ఆ అమ్మాయి ఉన్నప్పుడు..."

"ఇదేం కొండెక్కడమా? పన్నెండు బొమ్మలు. పదకొండు నాకొచ్చు. ఒక్కటే రానిది." నా వైపు చూశాడు. "ఒక్క బొమ్మేనే. జీవితమంతా ఇలాంటివి రోజుకి నలభై గీశాను. కానియ్."

"ఒకటి" అన్నాను. అంచుకి జరిగాడు. "రెండు." పాదాలు వెనక్కి వచ్చాయి. ఒక్కో అంకెకీ ఆయన అచ్చం కాగితం మీది మనిషిలా ఆ భంగిమలో ఆగాడు. ముందుకి వంగాడు. ముక్కు వేళ్ళమీదికొచ్చింది. ఆరుకి చేతులు బిగిశాయి. ఏడుకి నడుం కుర్చీని వదిలింది. ఎనిమిదికి మోచేతులు నిటారయ్యాయి, కుడికాలు సన్నగా వణికింది.

నా లెక్క అక్కడ ఆగిపోయింది.

"ఆగకు" అన్నాడు పళ్ళ బిగువున.

"తొమ్మిది" అన్నాను.

చేతులు లేచాయి. ముందు వేళ్ళు, తర్వాత అరచేతులు, అన్నిటికంటే చివర బొటనవేళ్ళు. కళ్ళు తెరిచే ఉంచి అద్దంలో తన చేతుల్నే చూసుకుంటున్నాడు. కుర్చీకీ ఆయన చేతులకీ మధ్య పిడికెడు ఎండ కనిపించింది. తొమ్మిది దగ్గర మా నాన్న మాయం కాలేదు.

"పది. పదకొండు. పన్నెండు."

నిలబడ్డాడు. ఎవరి చెయ్యీ ఆసరా లేకుండా, ముందుగది మధ్యలో, నిటారుగా. అమ్మ దగ్గరకొచ్చింది. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవట్లేదు. ఆయన చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. "నేను కుట్టిన చొక్కా ఒకపక్క పైకుంది. ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నారు, తెలిసి చావలేదు" అంది.

"అంచు తర్వాత చూద్దువుగాని. కుర్చీ, కుర్చీ! మర్చిపోకముందే గీయాలి" అన్నాడు నాన్న.

కూర్చోబెట్టాం. అద్దపు బల్ల పెట్టి దీపం వేశాను. తొమ్మిదో కాగితం పెగ్గులకి తగిలించి, కింద ఎనిమిది, పక్కన పది పెట్టుకుని, తల ఎత్తకుండా గీశాడు. ఒక్క గీత కూడా చెరపలేదు. చేతులు కుర్చీకి అంగుళం పైన ఉన్నాయి, బొటనవేళ్ళు ఇంకా కిందికి చూస్తున్నాయి. మిగతా పదకొండు బొమ్మల్లో ఆ మనిషి కళ్ళు ఒక్కో చుక్క. ఇందులో మాత్రం పూర్తిగా తెరిచి ఉన్నాయి.

"కళ్ళు ఇక్కడొక్కచోటే పెద్దవయ్యాయి నాన్నా. తిప్పితే ఎగిరినట్టు కనబడుతుందేమో?"

"కనబడనీ. అక్కడ కళ్ళు తెరవాలని తెలియాలి జనానికి."

సోమవారం డాక్టరు ముందు మా నాన్న లేచి నిలబడ్డాడు. లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. మత్తు అవసరం లేదన్నారు. ఆ సాయంత్రమే పేజీ తెరిచాం. అమ్మ పాత ఫోనులో కూడా చక్రం తిరగకుండా తెరుచుకుంది.

నెల దాటాక, వానలు వెనకబట్టాయనగా, పదిసార్లమ్మ ఒక రోజు ఊరికే వచ్చింది. నాన్న అప్పటికి గదిలో వాకరు లేకుండా తిరుగుతున్నాడు, లేచేటప్పుడు మాత్రం కుర్చీ చేతులు పట్టుకునేవాడు. నన్ను లెక్కపెట్టమనేవాడు. అంకె వినబడితేనే చేతులు వదిలేవాడు. ఆవిడ టీ తాగుతూ, "అందరూ మీ బొమ్మలే చూస్తున్నారు సార్. కానీ ఒక చిక్కొచ్చింది" అంది.

"ఏంటమ్మా?"

"ఎనిమిది దాకా చకచకా నొక్కుతారు. తొమ్మిది దగ్గర ఆగిపోతారు. నిన్న ఒక పెద్దావిడ నా ముందే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య అటూ ఇటూ నొక్కుతూ కూర్చుంది. ఇలా ఎలా వదులుతానమ్మా అని ఏడ్చింది."

నాన్న తలూపాడు.

"అక్కడ దూరం ఎక్కువైంది. నాదే తప్పు. ఆ రెంటికీ మధ్య ఇంకో బొమ్మ కావాలి. చేతులు కుర్చీ మీదే ఉంటాయి, వాటిమీద బరువు ఉండదు. బరువంతా అప్పటికే కాళ్ళ మీదికి వెళ్ళిపోయి ఉంటుంది. మనిషికి ఆ సంగతి ఇంకా తెలియదు, అంతే."

"బాబోయ్!" అన్నాను నేను. "నాలుగేసి గళ్ళు మూడు వరసలు, ఎంత చక్కగా కుదిరాయి నాన్నా! ఇప్పుడు పదమూడో గడి కోసం కొత్త వరస వెయ్యాలి. ఒక్క బొమ్మకి ఒక వరస! అంకెలన్నీ మళ్ళీ మార్చాలి."

"మార్చుకో. చదువుకున్నావుగా" అన్నాడు. "ఏదీ, నా కాగితాలెక్కడ పెట్టావు?"

"అలమరలో. ఉండు, తెస్తాను."

"నువ్వు తెచ్చేసరికి తెల్లారుతుంది."

అంటూనే ముందుకి వంగి, కుర్చీ వదిలి, లేచి అలమర వైపు నడిచాడు. పదిసార్లమ్మ టీకప్పు గాల్లోనే ఆగిపోయింది. అమ్మ మిషను మీద వంగిన తల ఎత్తింది. అంకెలు చెప్పాల్సిన నేను నా స్క్రీనులో కొత్త వరస గీసుకుంటున్నాను. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.